ఖాళీ బరువు

సోమవారం, 6

క్వారీలో నేను లారీలు తూచే కాటా గదిలో వాడకుండా మిగిలిపోయిన పాత రిజిస్టరు ఇది. ప్రతి పేజీకీ మూడు గళ్లు: ఖాళీ బరువు, నిండు బరువు, తేడా. గళ్లు పట్టించుకోకుండా అడ్డంగా రాసేస్తున్నాను. ఎనిమిదిలో బడి మానేసినవాడికి ఇంతకంటే మంచి నోటుబుక్కు దేనికి. ఎవరికీ చూపించేది కాదు.

షోరూంవాళ్లు నిన్న కరెంటు కారు ఇచ్చారు. వారం రోజులు తోలి చూసుకోమన్నారు. పై వారం రెండో రకం ఇస్తారట, ప్లగ్గూ పెట్రోలూ రెండూ ఉండేది. ఇంటి నుంచి క్వారీకి నలభై నాలుగు కిలోమీటర్లు, రానూపోనూ ఎనభై ఎనిమిది అని చెప్పగానే షోరూం అమ్మాయి, "మీలాంటి వాళ్ల కోసమే సార్ ఇది" అంది. నన్నెవరూ సార్ అనలేదు ఇంతవరకు. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాను.

కారు నా ముచ్చట కోసం కాదు. ఒకటో తారీఖు నుంచి అక్క కూడా క్వారీ ఆఫీసులో చేరుతుంది. బావ ప్రాణానికి బదులుగా కంపెనీ ఇచ్చిన ఉద్యోగం. రోజూ నాతోనే రావాలి. మోటార్ సైకిలు మీద రానంది. "ఆ వెనక సీటు మీద నేను కూర్చోలేనురా" అంది.

బావ పోయి నలభై మూడు రోజులు.

బండికి చప్పుడే లేదు. గేటు దాటాక కూడా బయల్దేరానో లేదో తెలియలేదు.

మంగళవారం, 7

క్వారీ గుట్ట మీద. పొద్దున అంతా ఎక్కుడే, బ్యాటరీ ఇరవై ఆరు శాతం తాగింది. సాయంత్రం దిగుడు. దిగేటప్పుడు బ్రేకు తొక్కినప్పుడల్లా కొంత కరెంటు మళ్లీ బ్యాటరీలోకే పోతుంది, ఎనిమిది శాతంలో ఇల్లు చేరతారు అని చెప్పింది అమ్మాయి. నాకు ఆరే అయింది. ఫోన్ చేసి గొప్పగా చెప్పాను.

"ఇద్దరు వచ్చుంటారు సార్. బరువు ఎక్కువుంటే దిగుడులో లాభమే" అంది.

"ఒక్కణ్నే అండి."

"అయితే మీ చెయ్యి మంచిది సార్."

బావ ఉంటే దీనికి వారం రోజులు నవ్వేవాడు. నా చెయ్యి మంచిదట. ఏడేళ్లలో తొమ్మిది ఉద్యోగాలు మారిన చెయ్యి. కాటా ఉద్యోగంలో రెండేళ్లు నిలిచానంటే బావ మెడ మీద చెయ్యేసి కూర్చోబెట్టినందుకే. తను క్వారీలో ఫిట్టరు. ఇద్దరం ఒకే బండి మీద వెళ్లేవాళ్లం. నేను తోలేవాణ్ని, తను వెనక నిద్రపోయేవాడు. నిజంగానే నిద్ర, గురకతో సహా. పడిపోకుండా తువ్వాలుతో ఇద్దరి నడుములూ కలిపి కట్టేవాణ్ని. దారంతా నా వీపు మీద తల. ఇంటి ముందు ఆగితే అక్క బయటికొచ్చి ముడి విప్పుతూ, "ఏవండీ, లేవండి. ఇల్లొచ్చింది" అనేది. ఆ మాటకి తప్ప దేనికీ లేచేవాడు కాదు. లారీ హారనుకి కూడా.

కారు గొడవ అప్పటిదే. తనకి రెండో రకం కావాలి.

"నడిదారిలో కరెంటు అయిపోతే ఎవరు తోస్తారు? నువ్వా, నేనా?"

"రెండు పడవల మీద కాళ్లు పెట్టే బండి అది బావా."

"రెండు పడవలున్నోడికి ఒకటి మునిగినా ఇంకోటి ఉంటుందిరా బామ్మర్దీ. అయినా నాకెందుకు. సీటు వెనక్కి వాలితే చాలు. నువ్వు తోలాలి, నేను పడుకోవాలి. అదీ ఒప్పందం."

బుధవారం, 8

క్వారీ నుంచి బయటికి రావాలంటే ఏ బండైనా కాటా పలక మీంచే రావాలి, వేరే దారి లేదు. సాయంత్రం పలక దిగానో లేదో బీప్ బీప్ అని మొదలైంది. ముందు ఎడమ సీటుకి బెల్టు పెట్టుకోలేదని గుర్తు చూపిస్తోంది. ఆపి చూశాను. సీటు మీద ఏమీ లేదు. చేత్తో తడిమాను. మళ్లీ బయల్దేరాను, మళ్లీ మోగింది. చివరికి ఖాళీ సీటుకే బెల్టు పెట్టాను. ఆగిపోయింది.

"సీట్లో బ్యాగేమైనా పెట్టారా సార్? బరువుంటేనే మోగుతుంది" అంది షోరూం అమ్మాయి.

"ఏం లేదండి."

"అయితే ఎవరో మనిషే అయ్యుంటారు" అని నవ్వింది.

నేనూ నవ్వాను.

గురువారం, 9

మళ్లీ మోగింది. రోడ్డు బాలేదు, అన్నీ గుంతలే. అదే కారణం.

శుక్రవారం, 10

పొద్దున క్వారీలోకి వస్తూ కారుని పలక మీద ఆపి, దిగి, గదిలోకి వెళ్లి చూశాను. 1,700. సాయంత్రం వెళ్లేటప్పుడు మళ్లీ అలాగే దిగి చూశాను. 1,760.

మాది లారీల కాటా. ఇరవై కిలోల మెట్లలోనే చూపిస్తుంది. గోనెసంచి, నీళ్ల క్యాను దానికి లెక్కలోకి రావు. నేనొక్కణ్నే పలక మీద నిలబడితే 60 అంటుంది. అరవై అంటే మనిషి.

కారుకి దుమ్ము పట్టి ఉంటుందని తుడిచాను. అరవై కిలోల దుమ్ము. పలక కింద కంకర ఇరుక్కుందేమోనని వంగి చూశాను. కారు తీసేసి చూస్తే సున్నా సరిగ్గా ఉంది. మళ్లీ ఎక్కించాను. 1,760.

చేరిన మొదటి రోజు మేనేజరు నాతో అన్నాడు, "కాటాకి అబద్ధం చెప్పడం రాదయ్యా. రాసేవాడికే వస్తుంది" అని. తూకాల్లో మోసం చేసి పోయిన పాత గుమాస్తా గురించి అన్నమాట అది. నా గురించి కాదు.

శనివారం, 11

మీసాలు వచ్చాడు. బావ పోయిన రోజు ఆ టిప్పరు తోలిన డ్రైవరు, క్వారీలో అందరూ అలాగే పిలుస్తారు. కాటా గది కిటికీ బయట నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. మీసం దువ్వుకోవడం మానేసినట్టున్నాడు, రెండు కొసలూ కిందికి వేలాడుతున్నాయి. లైసెన్సు పోలీసులు పట్టుకుపోయారు. బండి కదిపే ముందు తొట్టి చూసుకోలేదని కేసు.

బావ మధ్యాహ్నం తిన్నాక ఖాళీ టిప్పరు తొట్టిలో గోనె పరుచుకుని కునుకు తీసేవాడు. నీడగా ఉంటుందని. అందరికీ తెలుసు. ఆ రోజు ఆ బండి కదిలింది. ఖాళీగా కాటా మీదికొచ్చింది. తూచి పంపించాను. నేరుగా క్రషర్ కిందికెళ్లింది. పైనుంచి కంకర వదిలారు.

"తమ్ముడూ, నేను కిటికీలోంచి తల బయటపెట్టి 'అంతా సరేనా' అని అడిగా. నువ్వు చెయ్యి ఊపావు."

"రోజూ ఊపుతాను కదా అన్నా."

"రోజూ సంగతి ఎందుకు. ఆ రోజు ఎంత చూపించింది?"

"తొమ్మిది వేల ఎనిమిది వందల నలభై. రిజిస్టర్లో ఉంది."

"రిజిస్టర్లో ఏముందో నాకూ తెలుసు. నా బండి ఖాళీ బరువు నాకు తెలీదా? ఎంత చూపించింది అంటున్నా."

బయట బోర్డు పాడై ఏడాదయింది. అంకెలు గది లోపల నాకు మాత్రమే కనిపిస్తాయి.

"అంతే చూపించింది" అన్నాను.

కిటికీ మీంచి చెయ్యి తీశాడు. "సోమవారం కాక పై సోమవారం విచారణ. మా ఆవిడ నీళ్లు కూడా ముట్టట్లేదు. నీకు తెలిసింది చెప్పు, చాలు. రెండు పడవల మీద మాత్రం ఉండకు" అని వెళ్లిపోయాడు.

ఆ మాట ఎక్కడ విన్నాడో.

ఆదివారం, 12

కరెంటు కారు తిరిగిచ్చేసి రెండోది తెచ్చాను. ప్రాణం తేలికపడింది. ఆ మొదటి బండిలోనే ఏదో లోపం ఉండి ఉంటుంది, సీటు కింద వైరు ఏదో వదులై ఉంటుంది. బరువు సంగతి మాత్రం తెలీదు.

అక్క ఎక్కి కూర్చుంది. ఎడమ సీటు పక్కన మీట ఉంటే లాగింది, సీటు వాలిపోయింది. పైకప్పు చూస్తూ పడుకుని, "ఆయనైతే ఇందులో పడుకుంటే మళ్లీ లేచేవారు కాదురా" అంది. అన్నాక నోరు మూసుకుంది. నేను అద్దం తుడుస్తున్నట్టు నటించాను.

తర్వాత అడిగింది, "అంతమంది ఉన్నారు కదా, ఒక్కరూ చూడలేదా?"

ఇది పదోసారో పదిహేనోసారో అడగడం.

"ఎవరూ చూడలేదక్కా."

సోమవారం, 13

ఈ బండి ఒక ఛార్జింగుకి యాభై కిలోమీటర్లు కరెంటు మీదే పోతుంది. ఆ తర్వాతే పెట్రోలు. ఇంట్లో ఒకసారి, కాటా గది ప్లగ్గులో ఒకసారి పెడితే నాకు పెట్రోలు బొట్టు అక్కర్లేదు. బావ లెక్క కూడా తప్పేం కాదు.

సాయంత్రం నిండా ఛార్జింగుతో బయల్దేరాను. పలక దిగగానే దడదడమని ఇంజను లేచింది. గుట్ట దిగేదాకా ఆగలేదు. తర్వాత బీప్. బెల్టు పెట్టాను.

షోరూం అమ్మాయికి ఫోన్ చేశాను. "బ్యాటరీ నిండా ఉండి బరువుతో దిగుతుంటే బండిని పట్టి ఉంచడానికి ఇంజను వస్తుంది సార్. ఎంతమంది ఎక్కారు?"

ఒక్కణ్నే అని చెప్పడానికి ఎందుకో నోరు రాలేదు. "ఇద్దరం" అన్నాను.

మంగళవారం, 14

సీటు నేను వాల్చలేదు. మధ్యాహ్నం ఛార్జింగు పెట్టినప్పుడు నిటారుగా ఉంది. సాయంత్రానికి వాలి ఉంది. ఆదివారం అక్క వాల్చింది, తర్వాత నేనే లేపాను, ఆ తర్వాత నేను వాల్చలేదు.

బుధవారం, 15

పొద్దున 1,820. సాయంత్రం 1,880.

రెండు బళ్లు. తేడా ఒక్కటే.

బావ ఆరోగ్య కార్డు అక్క బీరువాలో ఉంది. బరువు గడిలో 61 అని రాసుంది. మా కాటా అయితే 60 అనే చూపించేది.

గురువారం, 16

9,840. చూశాను. సరిగ్గానే ఉంది.

9,840.

దారంతా అద్దాలు దించి, పాటలు పెట్టి తోలాను. పాటకీ పాటకీ మధ్య ఖాళీలో గురక వినిపించింది. టైర్ల చప్పుడే అయ్యుంటుంది.

శుక్రవారం, 17

మేనేజరు గదికి పిలిచి టీ ఇప్పించాడు. అదే అనుమానం. ఎప్పుడూ ఇప్పించడు.

"సోమవారం నిన్ను ఒకే ఒక్క మాట అడుగుతారు. ఆ రోజు ఖాళీ బరువు ఎంత అని. రిజిస్టర్లో ఉన్నది చదివి వినిపించు. ఐదు నిమిషాల పని."

"మరి ఆ డ్రైవరు?"

"అతనికి వయసైపోయిందయ్యా, ఎలాగూ రేపో మాపో మానేసేవాడే. నువ్వు కుర్రాడివి. మీ అక్క ఒకటో తారీఖున చేరుతోంది. ఇంట్లో ఇద్దరు జీతగాళ్లు, కొత్త కారు. ఇంకేం కావాలి?"

టీ చల్లారేదాకా కూర్చుని వచ్చేశాను.

రోజూ వచ్చే బళ్ల ఖాళీ బరువులు నాకు కంఠతా. తలెత్తకుండానే రాసేస్తాను. కాటా పని చేసేవాళ్లందరూ అలాగే రాస్తారు. ఆ రోజు ఫోన్ చూస్తున్న మాట నిజమే. కరెంటు కారు గుట్టలు ఎక్కగలదా లేదా అని ఒకడు తోలి చూపిస్తున్న వీడియో. సాయంత్రం బావతో వాదించడానికి పనికొస్తుందని చూస్తున్నాను. చూస్తూ తలెత్తలేదు. అందుకని అంకెలు చూడలేదు. చూడని దానికి నాదేం తప్పు.

ఇది రాసి అరగంట అయింది. పైన రాసింది అబద్ధం.

శనివారం, 18

చేరే కాగితాల మీద సంతకాలకి అక్క ఇవాళ క్వారీకి వచ్చింది, బస్సులో. ఐదింటికి క్రషర్ ఆగింది. అందరూ వెళ్లిపోయారు. ఎండ ఇంకా ఉంది. నాతో కారులో ఇంటికి బయల్దేరింది. ఎడమ వైపు కూర్చోబోతే, "వెనక కూర్చో అక్కా" అన్నాను. ఎందుకని అడగలేదు.

పలక మీద ఆపాను. ఇంజను దానంతటదే లేచింది. బండి ఆపేశాను.

"దిగక్కా. గదిలోకి రా."

ఇద్దరం దిగి గదిలోకొచ్చి అంకెల ముందు నిలబడ్డాం. 1,880.

"ఏంట్రా ఇది?"

"కారు బరువు. పొద్దున వచ్చేటప్పుడు 1,820 ఉంది. అప్పుడూ లోపల ఎవరూ లేరు, ఇప్పుడూ లేరు."

కళ్లు చికిలించి చూసింది. తర్వాత కిటికీలోంచి కారు వైపు చూసింది. చాలాసేపు.

"రోజూ ఇంతేనా?"

"ఇంటికొచ్చేటప్పుడు మాత్రమే. మొదటి కారులో కూడా."

అప్పుడు చెప్పాను. ఎలా మొదలుపెట్టానో గుర్తు లేదు. ఆ రోజు తలెత్తాను. ఎర్ర అంకెలు చూశాను. తొమ్మిది వేల తొమ్మిది వందలు. ఎనిమిది వందల నలభై ఉండాల్సిన చోట తొమ్మిది వందలు. అరవై ఎక్కువ. తొట్టిలో బురదేమో అనుకున్నాను. లేచి రెండు అడుగులు వేస్తే తొట్టి కనిపిస్తుంది. లేవలేదు. చెయ్యి ఊపాను. చెయ్యి అలవాటుకొద్దీ 9,840 రాసేసింది. ఐదు నిమిషాల తర్వాత అరుపులు వినిపించినప్పుడు మొట్టమొదట ఫోను ఆపలేదు, బయటికి పరిగెత్తలేదు. రాసింది సరిగ్గా కనిపిస్తోందా అని రిజిస్టరు చూసుకున్నాను.

అక్క ఏడవలేదు. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు.

"ఫోన్లో ఏం చూస్తున్నావు?"

"కార్లు."

"ఏ కారు?"

"కరెంటుది."

తల ఊపింది, కూర ధర చెబితే ఊపినట్టు. బయటికి నడిచి ఎడమ తలుపు తీసింది. సీటు వాలి ఉంది. వంగి బెల్టు లాగి, ఎవరికో గుచ్చుకోకుండా సర్దినట్టు సర్ది పెట్టింది. తలుపు మెల్లగా వేసి వెనక కూర్చుంది.

"తోలు" అంది.

దారిలో ఒకే ఒక్కసారి మాట్లాడింది, గుట్ట దిగుతూ ఇంజను దడదడమంటుంటే. "కరెంటుదే తీసుకో. ఇది మధ్యలో లేపేసేలా ఉంది."

ఇంటి ముందు ఆపాను. అక్క దిగి వచ్చి ఎడమ తలుపు తీసింది. బెల్టు విప్పింది. తువ్వాలు ముడి విప్పేటప్పటి చేతులే.

"ఏవండీ," అంది, "లేవండి. ఇల్లొచ్చింది."

తలుపు పట్టుకుని పక్కకి జరిగి నిలబడింది, మనిషి దిగడానికి చోటిచ్చినట్టు. నేను స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాను. కారు కొంచెం ఊగింది. ఎడమ వైపు కొద్దిగా పైకి లేచింది.

అక్క తలుపు వేసి ఇంట్లోకి వెళ్లింది. వీధి తలుపు మాత్రం వెంటనే వెయ్యలేదు.

ఆదివారం, 19

అక్క రెండు కంచాలు పెట్టింది. ఒకటి తనకి. ఇంకోటి నాకు కాదు.

సోమవారం, 20

విచారణకి కంపెనీవాళ్లు ముగ్గురు, ఒక పోలీసాయన. మీసాలు గోడవారన బల్ల మీద కూర్చున్నాడు. మేనేజరు రిజిస్టరు నా ముందుకి జరిపి, ఆ పేజీ తనే తీసి పెట్టాడు.

"చదువు."

చదవలేదు. పెన్ను అడిగాను. 9,840 మీద గీత కొట్టి పక్కన 9,900 అని రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాత శనివారం అక్కకి చెప్పిందంతా చెప్పాను, రిజిస్టరు చూసుకున్న మాటతో సహా.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు మేనేజరు, పోలీసాయన పక్కనే ఉన్నాడన్నది మరిచిపోయి.

మీసాలు లేచి నా దగ్గరికొచ్చాడు. నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు. అది నాకు దెబ్బకంటే ఎక్కువ తగిలింది.

నన్ను పనిలోంచి ఆపేశారు. రేపు పొద్దున స్టేషనుకి రమ్మన్నారు. విచారణకని వచ్చిన అక్క వరండాలోనే ఉంది. ఆమె ఉద్యోగానికి దీంతో సంబంధం లేదని కంపెనీవాళ్లలో పెద్దాయన కాగితం మీద రాసిచ్చాడు. అది మడిచి సంచిలో పెట్టుకుని, నా వైపు చూడకుండా అంది. "షోరూంకి చెప్పు, కరెంటుది నా పేరు మీద. తోలడం నేర్చుకుంటా." బస్సుకి నడిచి వెళ్లిపోయింది.

షోరూంలో ఇంకో రోజు అడిగి ఉంచుకున్న కారుని ఆఖరిసారి పలక మీద ఆపి, దిగి, చూశాను. 1,820. సీటు నిటారుగా ఉంది. కదిపి చూస్తే బీప్ రాలేదు, ఇంజను లేవలేదు.

కారుని పలక మీంచి దించి అవతల పెట్టాను. గదికి తాళం వేసి తాళంచెవి ఇచ్చెయ్యాలి. తాళం వేసే ముందు ఎందుకో తలుపు తెరిచే ఉంచి వెళ్లి ఒక్కణ్నే పలక మధ్యలో నిలబడ్డాను. తువ్వాలు కట్టినట్టు నడుము దగ్గర బిగువుగా ఉంది. వీపు వెచ్చగా ఉంది. తల తిప్పలేదు. అక్కడి నుంచే గదిలో ఎర్ర అంకెలు కనిపిస్తున్నాయి. కాసేపు అటూ ఇటూ కొట్టుకుని ఆగాయి.

120.

ఈసారి చూసింది చూసినట్టే రాశాను.